కెప్టెన్ మొగుడి గొంతు

"కట్టేస్తున్నా అమ్మమ్మా! ఏడాదంతా ఎదురుచూసింది ఈ చెత్త కోసమా?" మనవరాలు రిమోట్ ఎత్తింది. అంతరిక్షం సీరియల్ మొదటి భాగం ఇంకా సగమైనా కాలేదు.

"ఉండవే. ఆ ఓడ ఎక్కడికి పోతోందో చూడనీ."

"ఎక్కడికైతే ఏం? గాలే లేనిచోట ఢాం ఢామని పేలుళ్లు! పైగా ఆ కెప్టెన్, చచ్చిపోయిన మొగుడి గొంతుని ఓడ కంప్యూటర్‌కి పెట్టుకుంది. అంత తెలివైన మనిషి అలా చేస్తుందా?"

తెరమీద ఆ గొంతు, "ఎడమకి తిప్పమన్నానా?" అని కసిరింది. కెప్టెన్ కుడికి తిప్పింది.

నాకు నవ్వాగలేదు. "నిజమేనే. మీ తాతయ్య గొంతు మన ఫ్రిజ్‌కి పెడితే ఇంకేమన్నా ఉందా! తలుపు తీసినప్పుడల్లా 'వెయ్యవే, చలంతా పోతోంది' అని ప్రాణం తీసేస్తారు."

మనవరాలు పడీపడీ నవ్వి టీవీ కట్టేసింది. ఫోనులో స్నేహితులతో సీరియల్‌ని ఉతికి ఆరేస్తూ కూర్చుంది.

నేను మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచాను. సీసా ఎదురుగానే ఉంది. తీయకుండా అలాగే నిలబడ్డాను. లోపలి మోటారు ఒక్కటే గుర్రుమంటోంది.

"ఏం వెతుకుతున్నావు అమ్మమ్మా?" మనవరాలు గుమ్మంలోకి వచ్చింది.

"ఏం లేదే," అన్నాను. తలుపు మాత్రం వెయ్యలేదు.

అది నన్నూ, తెరిచి ఉన్న తలుపునీ చూసింది. తాతయ్యలాగే గొంతు బొంగురు చేసి, "వెయ్యవే, చలంతా పోతోంది!" అంది.

వేశాను. "ఆయన ఇంకా గట్టిగా అరిచేవారు," అన్నాను.

ఇద్దరం మళ్లీ సోఫాలో కూర్చున్నాం. మనవరాలు సీరియల్ పెట్టింది. పేలుళ్లకి సౌండు తగ్గించింది. కెప్టెన్ మొగుడు మాట్లాడినప్పుడల్లా పెంచింది.