ఎర్రగీత పెట్టిన నంబర్లు

"ఏమ్మా మార్తా, ఇది ఫోను బిల్లా, కుంకుమ భరిణా? అంతా ఎర్రగా ఉండాది!"

బ్రూక్‌ఫీల్డ్‌లో, ఇళ్ళకు నర్సులను పంపే ఆఫీసు అది. అడిగినతను మేనేజరు అశోక్‌కుమార్.

రెండువేల నాలుగులో ఆ ఆఫీసుకొక పద్ధతి ఉండేది. నర్సులు తమ సొంత సెల్‌ఫోన్‌నే పనికి వాడాలి. నెల బిల్లులో సొంత కాల్స్ కింద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టాలి. గీత లేనివాటికి ఆఫీసు సగం ఇస్తుంది.

అందుకే అశోక్‌కుమార్ గీత లేని నంబర్లను భూతద్దం పెట్టినట్టు చూసేవాడు. గీత ఉన్నవాటి జోలికి పోయేవాడు కాదు. పైసా ఇవ్వనక్కర్లేని నంబరు ఎవరిదైతేనేం?

మిగతా నర్సులు అత్తగారి ఫోన్లు కూడా ఆఫీసు ఖాతాలో కలిపేసేవారు. మార్త ఒక్కతే ఉన్నదున్నట్టు గీతలు పెట్టేది.

"ఇన్ని సొంత ఫోన్లా? డ్యూటీ ఎప్పుడు చేస్తావు?"

"అన్నం తినే టైములోనే సార్ మాట్లాడేది."

"ఎవరితో?"

మార్త తలదించుకుంది. "నావాళ్ళే సార్."

నావాళ్ళంటే ఒకరో ఇద్దరో ఉంటారు. బిల్లు మూడు పేజీలుంది.

"చూడమ్మా, నీ పనికి నేను వంక పెట్టను. మా బిడ్డ దక్కనప్పుడు నా భార్య ఆశను పదిరోజులు నువ్వే చూసుకున్నావు. అయినా ఎప్పుడూ ఫోన్లోనే ఉండాదని పేషెంట్ల ఇండ్లల్లో అంటే నా మాట పోతాది. ఈ ఫోన్లన్నా మానేయ్, ఉద్యోగమన్నా మానేయ్."

మార్తకు ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు.

"ఫోన్లు మానలేను సార్."

గుర్తింపు కార్డు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

'ఎంత పొగరు!' అనుకున్నాడు అశోక్‌కుమార్.

నెల తిరక్కుండానే అతని ఇంట్లో ఆశ మళ్ళీ మూగబోయింది.

ఏడాదిగా ఆమె బాగానే ఉంది. వేళకు తింటోంది. సాయంత్రం నవ్వుతూ తలుపు తీస్తోంది. దుఃఖం దానంతటదే తగ్గిందని అతను సంబరపడ్డాడు.

ఇప్పుడు మధ్యాహ్నం వండిన అన్నం వండినట్టే ఉంటోంది.

"ఏమయిందే?" అంటే, "ఏం లేదు" అంటోంది.

అతనికి భయం వేసింది. భయం వేయగానే మార్త గుర్తొచ్చింది. బతిమాలి అయినా సరే, ఆమెను మళ్ళీ ఇంటికి పిలవాలి.

మార్త ఫోను పనిచేయడం లేదు. బిల్లు కట్టలేదని కనెక్షన్ తీసేశారట. మారతహళ్ళిలో ఆమె అద్దె గదికి తాళం ఉంది. ఊరొదిలి పోయిందన్నారు పక్కవాళ్ళు.

అప్పుడు అతను పాత బిల్లు బయటికి తీశాడు. ఎర్రగీతలవాళ్ళు ఆమె సొంతవాళ్ళు కదా, వాళ్ళకు తెలియకుండా ఉంటుందా?

మొదటి నంబరు వర్తూరులో రామాంజినప్పది.

"మార్త ఎక్కడుందో తెలుసా పెద్దాయనా?"

"నేనే అడగాలనుకుంటి అప్పా! నాకు కాలు పడిపోయినప్పుడు నెలదినాలు చూసింది. డ్యూటీ అయిపోయినా, ఈ పొద్దు నడిచినావా తాతా అని దినమూ ఫోను చేస్తా ఉండె. ఇప్పుడు ఫోనే రాలే. ఆ బిడ్డ బాగుండాదా?"

అశోక్‌కుమార్ రెండో నంబరు నొక్కాడు.

"జ్ఞానప్రకాశం గారి భార్యనండీ. ఆయన చివరి రోజుల్లో మార్తే ఉండేది. ఆయన పోయి రెండేళ్ళు. నేను తిన్నానా లేదా అని అడిగే మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. ఏమైందండీ తనకి?"

తెలిశాక చెబుతానని పెట్టేసి, మూడో నంబరు మొదలుపెట్టాడు.

నాలుగంకెలు నొక్కేసరికి వేలు ఆగిపోయింది.

మిగతా నాలుగూ కాగితం చూడకుండానే అతనికి వచ్చు. ఆ నెలంతా, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మాట్లాడి మార్త ఎర్రగీత పెట్టింది అతని ఇంటి నంబరుకే.