సుద్ద గీతలు

"ఆ కుర్చీ కాస్త పక్కకి తియ్యవయ్యా! దారికి అడ్డంగా ఏంటది?"

స్కానింగ్ గది ముందు చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి తలెత్తి చూశాడు. నలభైకి దగ్గరపడిన వయసు. నడుం పైన పెద్దమనిషి, కింద చిన్నపిల్లాడి కాళ్ళు.

"తీస్తానండీ. దీనికి వెనక్కి వెళ్ళాలంటే కాస్త బద్ధకం," అని నవ్వాడు.

కూతుర్ని స్కానింగ్‌కి తీసుకొచ్చి అలా కసిరిన టైలరుకి నవ్వు రాలేదు. ఆ పిల్లని తన వీపు వెనక్కి లాక్కున్నాడు.

కూతురి తొలి కాన్పులో బిడ్డ వెన్ను మూసుకోకుండానే పుట్టింది. పూట కూడా బతకలేదు. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. ఈ బిడ్డ వెన్ను ఎలా ఉందో ఇవాళ తేలిపోతుంది.

కుర్చీ మనిషి పక్కకి వంగి అడిగాడు.

"మాత్రలు మానకుండా వేసుకున్నావా అమ్మా?"

"ఆ, అన్నయ్యా. కడుపు రాకముందు నుంచీ."

ఆ మాత్రల మీదే టైలరు ఇంట్లో రభస చేశాడు. కడుపే లేదు, కడుపు మందులేంటి, మందుల షాపువాణ్ణి మేపడానికి కాకపోతే అని. పిల్ల మాత్రం చాటుగా మింగుతూనే ఉందన్నమాట.

ఆ ఉక్రోషమంతా కుర్చీ వైపు తిరిగింది.

"నీకెందుకయ్యా ఈ ఆరాలు? నీ కాళ్ళ సంగతి నువ్వు చూసుకో. కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా ఈ అవతారంతో కూర్చోకపోతే ఏం? నిన్ను చూస్తే దానికేం మంచి జరుగుతుంది?"

"నాన్నా!"

బెంచీల మీదివాళ్ళు మాటలాపేశారు. ఇలాంటప్పుడే జనానికి ఫోన్లలో పని గుర్తొస్తుంది.

కుర్చీ మనిషి పెదాల మీద నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్ళలో లేదు.

"నిజమేనండీ. నాకు తట్టలేదు," అన్నాడు.

చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు టైలరు.

లోపల డాక్టరమ్మ తెర వైపు చూస్తూ స్కానింగ్ పరికరాన్ని కడుపు మీద నెమ్మదిగా జరిపింది. తర్వాత వేలితో చూపించింది.

"ఇదిగో వెన్ను. మెడ నుంచి నడుం దాకా చక్కగా మూసుకుంది. బిడ్డ బాగుంది."

కూతురు ఏడ్చేసింది. టైలరు తెర దగ్గరికి వంగాడు.

"ఇంత నున్నగా ఎవరు కుట్టారమ్మా? ఇన్నేళ్ళుగా బట్టలు కుడుతున్నాను, నా మిషను మీద కూడా రాదే ఇలా!"

"మీ అమ్మాయి మింగిన విటమిను సాయం అది. మీరు గుడ్డ మీద సుద్దతో గీతలు పెట్టుకుంటారు కదా? లోపల జన్యువుల మీద కూడా అలాంటి గుర్తులు పడాలి. ఇది తెరుచుకోవాలి, అది మూసుకోవాలి అని. ఆ సుద్ద తయారవ్వాలంటే ఈ విటమిను ఉండాలనుకోండి. వెన్ను మూసుకునేది మొదటి నెలలోనే, కడుపొచ్చిందని తెలిసేలోపే. అందుకే ముందు నుంచీ వాడమంటాం."

టైలరు తల దించుకున్నాడు.

"నేను వద్దన్నానమ్మా. ఇది పనిచేస్తుందని నాకేం తెలుసు?"

"ఒకప్పుడు డాక్టర్లకీ తెలీదు. మీ అమ్మాయిలా బిడ్డని పోగొట్టుకున్న తల్లుల్ని ఒక ప్రయోగంలో చేరతారా అని అడిగారు. సగంమందికి ఈ మాత్ర. సగంమందికి అదే రంగులో, ఈ మందు లేని ఉత్తి మాత్ర. తమకి ఏది దక్కిందో వాళ్ళకే తెలీదు. అయినా ఒప్పుకున్నారు. ఉత్తి మాత్రలు మింగినవాళ్ళలోనే వెన్ను మూసుకోని బిడ్డలు ఎక్కువమంది పుట్టారు. వాళ్ళలో బతికి బట్టకట్టినవాళ్ళకి కూడా చాలామందికి కాళ్ళు రాలేదు. అది చూశాకే అందరికీ అసలు మాత్ర ఇవ్వడం మొదలైంది."

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంది.

"బయట చక్రాల కుర్చీలో ఒకాయన ఉంటారు, లోపలికి పిలవండి. తొలి బిడ్డ పోయినవాళ్ళకి స్కానింగ్ ఉందంటే పని మానుకుని వస్తారు, తోడు కూర్చోడానికి. మీ శుభవార్త ఆయన చెవిన పడాలి."

కూతురు తండ్రి వైపు చూడలేదు.

టైలరు బయటికి పరుగెత్తాడు. వరండా ఖాళీగా ఉంది. గేటు దాకా వెళ్ళి వాచ్‌మన్‌ని అడిగాడు.

"ఆయనా? వెళ్ళిపోయాడు. ‘నన్ను చూస్తే కడుపుతో ఉన్నవాళ్ళు జడుసుకుంటారు, ఇక రాను, డాక్టరమ్మకి చెప్పు’ అన్నాడు. ఏళ్ళ తరబడి వస్తున్న మనిషి. ఏ దరిద్రుడు ఏమన్నాడో ఏమో!"

టైలరు రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. బస్సులు, మనుషులు. అందరూ కాళ్ళ మీద నడిచేవాళ్ళే.

తిరిగొచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"వెళ్ళిపోయాడమ్మా. ఎవరాయన?"

డాక్టరమ్మ తెర ఆర్పుతూ, "ఆ ఉత్తి మాత్రలు మింగిన ఒక తల్లి కొడుకు," అంది.