తల ఎత్తకూడని అడవి

“తల ఎత్తారా, కన్ను పోతుంది. వెనక పొర అతుక్కోవాలంటే పద్నాలుగు రోజులు బోర్లా పడుకోవాల్సిందే” అన్నారు కంటి డాక్టరు.

మామగారు రెండో రోజు సాయంత్రానికే పదకొండుసార్లు ఎత్తారు.

ఆయన తప్పూ లేదు. ముప్ఫై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. కదిలే పెట్టెలో నిలబడి కునుకు తీయగలరు గానీ, కదలని మంచం మీద పడి ఉండటం ఆయన వల్ల కాదు. ఆపరేషను చేసిన కంటికి కట్టు. రెండో కంటికి సోడాబుడ్డి అద్దం లేకపోతే గోడా గుమ్మం ఒకటే. బోర్లా పడుకుంటే ఆ అద్దం ముక్కు మీద నిలవదు. భార్య, కూతురి కాన్పుకి వెళ్లింది. కొడుకు పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకి గానీ రాడు.

మిగిలింది కోడలు. బీమా ఆఫీసులో రెండు వారాలు సెలవు పెట్టింది. మంచి పిల్లే. కానీ నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటుంది. పెళ్లయిన రెండేళ్లలో మామగారితో ఆమె అన్న మాటలు మూడు: “ఊఁ”, “అలాగే”, “కాఫీ”.

మూడో రోజు పొద్దున కొడుకు ఆమె ఫోనులో ఒక ఆట ఎక్కించాడు. “మనసుకి హాయిగా ఉంటుందట. నువ్వు ఆడుతూ నాన్నకి చెబుతుండు” అని వెళ్లిపోయాడు.

కోడలు మంచం పక్కన నేల మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది.

“కార్డులున్నాయండీ. అన్నీ బోర్లా ఉన్నాయి.”

“నాలాగే.”

“ఒక్కోటి తిప్పితే అడవిలో ఒక్కో చోటు కనిపిస్తుందట.”

“గెలవడం ఎలా?”

“గెలుపు లేదు మావయ్యగారూ. ఓటమీ లేదు. టైము కూడా లేదు.”

“ఆటా అది, పింఛనా?” అన్నారాయన దిండులోకి.

మొదటి కార్డు మంచులో కాలిబాట. రెండోది వాగు. వాగు మధ్యలో రాయి మీద లకుముకి పిట్ట. ఫోనులోంచి నీళ్ల గలగల, పిట్ట కూత వినిపించాయి. ఆయన మెడ కాస్త సడలింది.

“ఎడమకా, కుడికా అండీ?”

“వాగు వెంటే పోనీ. నీళ్ల వెంట పోతే ఎప్పటికైనా ఊరు తగులుతుంది.”

భోజనాల వేళకి ముందు ఉన్నట్టుండి ఆమె గొంతు ఆగిపోయింది.

“ఏమైందమ్మాయ్?”

“చార్జింగు... ఒక్క నిమిషం.”

ఆయన మంచం పట్టె మీద వేళ్లతో దరువేశారు. తల అటూ ఇటూ కదిలింది. లేవబోతున్నారు. అంతలో ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నీళ్ల చప్పుడు లేదు.

“సౌండు తీసేశానండీ, మీకు తలనొప్పి వస్తుందని. తర్వాతి కార్డు... వంతెన. కర్ర వంతెన. దాని మీద మేక.”

“అడవిలో మేకేంటి?”

“తప్పిపోయినట్టుంది.”

“దారివ్వమను.”

“ఇవ్వదటండీ.”

ఆ మేక ఒకటిన్నర రోజు వంతెన దిగలేదు. ఆయన బతిమాలారు, బెదిరించారు, ఆకు ఆశ చూపించారు. చివరికి “ఏదీ, టికెట్టు తియ్” అని గద్దించారు. మేక లేచి చక్కా పోయిందని కోడలు చెప్పింది. నవ్వాగక ఆయన తల ఎత్తబోయారు.

“ఎత్తకండి. తల ఎత్తితే కార్డు మూసుకుపోతుందట. అదే రూలు.”

ఎత్తలేదు.

ఆరో రోజు వెదురు పొదల్లో దారి తప్పారు. కుడికే పోవాలని పట్టుబట్టింది ఆయనే. ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు. “పోనీ, నువ్వెటంటే అటు పోదాం” అన్నారు. ఆ మాట ఆయన నోట అంతకుముందు భార్య కూడా విని ఉండదు.

తొమ్మిదో రోజు చేప కోసం నీటికుక్కల జంట పోట్లాడుకుంది. మొగుడి మాటలు ఒక గొంతుతో, పెళ్లాం మాటలు ఇంకో గొంతుతో చెప్పింది కోడలు. ఆ పిల్లకి ఒక్క గొంతున్నట్టే ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు.

సాయంత్రం కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఇద్దరూ ఎక్కడున్నారు?”

“నూట ఇరవయ్యో కార్డులో” అన్నారు తండ్రి.

“మరి అన్నం?”

“వాగు దాటాక. గోల చెయ్యకు, ఇక్కడ జింక నీళ్లు తాగుతోంది.”

పద్నాలుగు రోజులు గడిచాక డాక్టరు ఆ కంట్లోకి చాలాసేపు చూశారు.

“పొర అతుక్కుంది. మీ వయసులో ఇంత బుద్ధిగా పడుకున్నవాళ్లని నేను చూడలేదు. ఎలా పడుకున్నారండీ?”

“ఎక్కడ పడుకున్నానండీ, అడవిలో తిరుగుతున్నాను” అన్నారు మామగారు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే చెయ్యి చాచారు. “ఫోనివ్వమ్మాయ్. ఇక నేనే ఆడతాను. మొదట్నుంచీ.”

“ఇప్పుడెందుకు మావయ్యగారూ? కంటికి శ్రమ.”

“రెండో కన్నుందిగా, అదేం పని చేస్తోంది?”

ఇవ్వక తప్పలేదు. ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పి, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది. మళ్లీ కడిగింది. హాల్లోంచి నీళ్ల గలగల వినిపించింది. పిట్ట కూసింది. కాసేపటికి అన్నీ ఆగిపోయాయి.

కుర్చీ కిర్రుమంది. అడుగుల చప్పుడు వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఆమె వెనక్కి తిరగలేదు. గ్లాసు మీద చెయ్యి మాత్రం ఆగింది.

“ఇరవై నిమిషాల్లో అయిపోయిందమ్మాయ్, మొత్తం పద్దెనిమిది కార్డులేనట, నేను మళ్లీ బోర్లా పడుకుంటాను గానీ, నువ్వొచ్చి ఆ పంతొమ్మిదో కార్డు నుంచి ఇంకోసారి చెప్పు.”