కొంగ వదిలేసిన సగం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త వీరనాగమ్మ. మా బావమరిది కూడా దీన్నే చెబుతాడు గానీ, అతను చెప్పేదాంట్లో సగం కోతలే, నమ్మకండి.

ఒక మడుగులో తాబేళ్లు తమ గురువు మాటల్ని బండమీద చెక్కుకుని రోజూ వల్లించుకునేవి. ఆ ఏడు వానలకు బండ సగం మునిగింది. ఒక కొంగ దాన్ని చూసి, మడుగు మడుగుకూ తిరిగి, "'పరాయి పిట్టను ఒడ్డున నిలవనియ్యకు' అని రాసుకున్నారు. 'మా గురువును మించినవాడు లేడు' అని కూడా రాసుకున్నారు" అని చాటింది.

నీటికోళ్లకు ఒళ్లు మండింది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకదిబ్బకు అడ్డంగా నిలబడ్డాయి. చూస్తే గుడ్లు పెట్టే రోజులు వచ్చేశాయి. "అక్కడ ఇంకా రాసి ఉందమ్మా" అని తాబేళ్లు మొత్తుకున్నా, "మీ గొప్ప మీరే చెప్పుకుంటే చెల్లదు" అన్నాయి నీటికోళ్లు.

ఏ పక్షమూ కాని కప్ప, "ఉండండి, చూసొస్తా" అని బండ దగ్గర మునిగి పైకొచ్చింది.

"గురువు సంగతి కొంగ చెప్పినట్టే ఉంది" అంది. ముసలి తాబేలు తల లోపలికి లాక్కుంది. "పిట్ట సంగతికి మాత్రం నీళ్లకింద ఇంకో వరస ఉంది. 'రెల్లులోకి పిలిచి గూటికి చోటు చూపించు' అని."

"నీళ్లకింద ఉంటే నాకెలా కనబడుతుంది?" అంది కొంగ.

"చేపకోసమైతే తలను మెడదాకా ముంచుతావు కదే!" అంది కప్ప.

నీటికోళ్లు సిగ్గుపడి దారిచ్చాయి. కొంగ, "పోన్లే తాతా, మన్నించు" అంది.

ముసలి తాబేలు కదల్లేదు. "మన్నింపు తర్వాత. ఎన్ని మడుగుల్లో సగం చెప్పావో, అన్నింటికీ పోయి మిగతా సగం చెప్పిరా. గురువును మించినవాడు లేడన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకు, అది మేం రాసిందే."