నూలు తగ్గకూడదు

ఆ మనిషిని చూస్తుంటేనే మెకానిక్‌కి రోతగా ఉంది.

ఎత్తుగా ఉండే కారుని నేలకు ఆనేంత కిందికి దించి, దారిన పోయేవాళ్లు ఆగి చూసేలా తయారు చేసింది తనే. నాలుగు నెలల పని. దాన్ని అద్దెకు తిప్పే యజమాని ఇవాళ ఫోన్ చేసి, “వచ్చినతను ఎలా చెబితే అలా చెయ్యి,” అన్నాడు.

వచ్చినతని వెంట భార్య కూడా ఉంది. బక్కపల్చటి మనిషి. పాత టైరు మీద కూర్చుని జడ అల్లుకుంటోంది.

“బండి కింద అన్నిటికన్నా వేలాడే భాగానికీ నేలకీ మధ్య తొమ్మిది అంగుళాలు ఉండాలి,” అన్నాడతను.

“ఇప్పుడు అయిదుంది. దీని అందమంతా అక్కడే ఉంది.”

“తొమ్మిదికి నూలు తగ్గకూడదన్నా.”

మెకానిక్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు. పొట్టి స్ప్రింగులు తీసి పొడుగువి వేశాడు. ముందు బంపరు కింద ముచ్చటపడి అతికించిన ఫైబర్ అంచుని పన్ను పీకినట్టు పీకేశాడు. బండి ఇప్పుడు బురదలో ప్యాంటు మడుచుకుని నిలబడ్డ మనిషిలా ఉంది. దానివంక చూడబుద్ధి కాలేదు.

అతను జిడ్డు నేల మీద బోర్లా పడుకుని, కొలత ప్రకారం కోసి తెచ్చుకున్న చెక్కని బండి కింద ఈ చివర నుంచి ఆ చివరికి జరిపాడు. ఒక చోట ఆగింది.

“ఇక్కడ బోల్టు తగులుతోంది.”

“నూలంత, అంగుళంలో ఎనిమిదో వంతు. దానికేమవుతుంది?”

“తగులుతోందిగా.”

మెకానిక్ బోల్టు మార్చాడు. ముందు సీట్లో ఇద్దరి బరువు పెట్టించి మళ్లీ కొలిచాడతను. ఆ తర్వాత, “బ్రేకు వేస్తే ముందు భాగం ఎంత దిగుతుంది?” అన్నాడు.

“అంగుళంన్నర.”

“అయితే ఆ అంగుళంన్నరా కలిపెయ్యండి.”

మెకానిక్ విసుక్కుంటూ ముందు భాగాన్ని ఆ మేరకు ఎత్తాడు. మళ్లీ కొలుస్తుంటే అతని చేతులకు ఒకటే చెమట. చెక్క జారిపోతోంది. ఆ చెమటచేతులతోనే మొహం తుడుచుకుంటే నల్లటి జిడ్డు చెంపలంతా పాకింది. మెకానిక్ మొహం తిప్పుకున్నాడు. మగాడు ఇంత పిరికిగా ఉంటాడా?

“సైలెన్సర్ బాగా వేడెక్కుతుందా అన్నా?” టైరు మీద నుంచి ఆమె అడిగింది.

“లోపల కూర్చునేవాళ్లకి దాంతో పనేంటమ్మా?”

 అతను సైలెన్సర్ కింద రేకు బిగించమన్నాడు. బిగించాక మళ్లీ పడుకుని మళ్లీ కొలిచాడు. లేచి, బండి చుట్టూ తిరిగి, ఇంకోసారి పడుకోబోయాడు.

మెకానిక్ చేతిలోని స్పానర్‌ని బల్ల మీదికి విసిరేశాడు.

“నాలుగుసార్లు కొలిచావు. స్పీడు బ్రేకరంటే ఇంత వణికేవాడివి స్టీరింగ్ ఎందుకు పట్టుకుంటావయ్యా? బస్సెక్కి పోరాదూ? నీలాంటోళ్ల చేతిలో నా బండి పడిందంటే అసహ్యంగా ఉంది.”

అతను తలెత్తలేదు. చెక్కని బండి కిందికి తోస్తూనే ఉన్నాడు. ఆమె లేచి వచ్చి, అతని పక్కన కూర్చుని, కొంగుతో అతని మొహం మీది జిడ్డు తుడిచింది.

“ఆయన్నేమీ అనకన్నా,” అంది. “రేపు సినిమా షూటింగులో హీరోయిన్ బదులు రోడ్డు మీద పడుకునేది నేను, ఈ బండిని నా మీదుగా పోనిచ్చేది ఆయన.”