పలక యాంటెన్నా

"ఎంత దూరం నుంచి పట్టాలి?" అన్నాడు రేడియో తాత. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడు కంప్యూటర్ సామాన్లు అమ్ముతున్నాడు.

"వీధి చివర ప్రెస్సు నుంచి తాతా. ప్రెస్సాయన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు. సిగ్నలే మా గదిదాకా రావట్లేదు" అన్నాడు బావతో కలిసి బిల్డింగ్ ప్లాన్లు గీసే బావమరిది.

రోడ్డు తవ్వేవాళ్లు పొద్దున్నే కేబుల్ తెంపేశారు. చివరి ప్రెస్సుకి తప్ప వీధంతా నెట్ పోయింది. ఐదింటిలోపు బడి బిల్డింగ్ ప్లాను పంపకపోతే బావాబావమరుదుల ఆఫీసుకి తాళమే. ఇప్పటికే రెండు పనులు ఎదురింటి మీసాల ఇంజనీరు తన్నుకుపోయాడు. అదీ అచ్చం వీళ్లు గీసిన మెట్లతో, వీళ్లు పెట్టిన కిటికీలతో.

"మన ప్లాన్లు ప్రింటు తీసే ఆ జిరాక్సువాడే అమ్ముకుంటున్నాడు" అని బావ తేల్చాడు. బావమరిది ఆ కొట్టు గడప తొక్కడం మానేశాడు.

మామూలుగా అయితే నెట్ పోయినా దిగులు లేదు. బావ గదిలో అడుగుపెడితే చాలు, ఆయన ఫోన్ నుంచి లాప్‌టాప్‌కి నెట్ దానంతటదే కలిసేది. బావమరిదిది మీటల ఫోను. బావేమో తల్లికి ఒంట్లో బాగాలేదని నిన్ననే ఊరికి బస్సెక్కాడు.

తాత బల్ల మీద వైఫై సిగ్నల్ పట్టే అడాప్టర్లు మూడు పెట్టాడు.

"ఈ గోరంతది గదిలో మాటే వింటుంది. ఈ తోకది నాలుగు దిక్కులా వింటుంది, అన్నీ సగం సగం. ఈ పలకది ఉంది చూశావూ... ఎటు మొహం పెడితే అటే వింటుంది. రోడ్డవతల గుసగుస కూడా."

బావమరిది ఫోన్ చేశాడు.

"పలకెందుకు బామ్మర్దీ, మేడ మీద టవర్ కడతావా?" అన్నాడు బావ. "నిన్న ప్లాను నాకు పంపావుగా. ఇక్కణ్ణుంచి నేనే పంపేస్తాలే. నువ్వు హాయిగా ఇంటికెళ్లి పడుకో."

"అది పాతది బావా. పొద్దున మెట్లు మార్చాను."

ఫోన్లో ఏదో మిషన్ గోల వినిపించింది.

"అక్కడా తవ్వుతున్నారా?"

"ఎక్కడ తవ్వట్లేదు చెప్పు. ఇంతకీ మెట్లు ఎటు మార్చావు?"

"తూర్పుకి. పిల్లలకి ఎండ తగలకుండా పైన కప్పు కూడా వేశా."

"బాగుంది" అన్నాడు బావ. "గోరంతదే తీసుకో. డబ్బు తగలెయ్యకు."

బావ మాట బావమరిది కాదనడం అదే మొదటిసారి. పలకదే తీసుకున్నాడు.

"మెల్లగా తిప్పు నాయనా" అన్నాడు తాత. "గడియారం ముల్లులా. పలికిన చోట ఆగు."

నాలుగున్నరకి కిటికీ గట్టు మీద పలకని నిలబెట్టాడు. ముందు దాని మొహం నేరుగా ఉంది. కుడిచేతి వైపు ప్రెస్సుకేసి తిప్పాలని, పాస్‌వర్డ్ రాసుకున్న చీటీ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. చీటీ పైకి తీసేలోపే లాప్‌టాప్‌కి నెట్ కలిసిపోయింది. సిగ్నల్ నిండుగా ఉంది.

ఎవరి చల్లని చెయ్యో అనుకుని ప్లాను పంపేశాడు. వెళ్లిపోయింది. ప్రాణం కుదుటపడింది.

ప్రెస్సాయనకి ఫోన్ చేసి ఓ దండం పెడదామనుకుంటూ తెర మీది పేరు చూశాడు: రోడ్డవతల మీసాల ఇంజనీరు కిటికీకేసి మొహం పెట్టిన పలక పట్టుకున్నది 'బావ ఫోన్'.