మొద్దుబారిన చెయ్యి

"నా చెయ్యి పట్టుకోమ్మా. ఎంతైనా నొక్కు. ముప్పై ఏండ్లు ఉడుకునీళ్లలో పట్టుగూళ్ల దారం తీసిన చెయ్యి. మొద్దుబారిపోయిండాది," రోజూ చెప్పే మాటే చెప్పింది అక్కమ్మ.

పిల్లలు పుట్టాలని వేయించుకుంటున్న సూదుల్లో ఇది తొమ్మిదోది. హేమలత కళ్లు మూసుకుని, అత్త చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"అయిపోయిందమ్మా," అంది నర్సు.

"నొప్పే తెలీలేదత్తా!"

"నాకూ తెలీలేదు," నవ్వింది అక్కమ్మ.

ఆసుపత్రి బయట టీ అంగడిలో హేమలత గ్లాసు అందించింది.

"అబ్బా, కాల్తాండాది!" అక్కమ్మ గ్లాసును కొంగుతో పట్టుకుంది.

"మొద్దుబారిన చెయ్యి గదత్తా, యాల కాలింది?"

"నువ్వే గిచ్చి గిచ్చి లేపినావు గదే!"

హేమలత ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది. మణికట్టు దాకా గోళ్ల గాట్లు. కొన్ని మానినవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి.

మెల్లగా నిమిరింది.

"రేపటికి గోర్లు కత్తిరించుకుంటాలే అత్తా."